పొద్దున పోతే పొద్దుగూకినంక వచ్చేటోళ్లమంటే, ఎవరు?

తెలుగులో బాల్యం గురించి రాసే ప్రతి ఒక్కరి దగ్గరా ఒక వాక్యం తయారుగా ఉంటుంది. ‘పొద్దున ఇంట్లోంచి పోతే మళ్ళీ పొద్దుగూకినంకనే వచ్చేటోళ్లం.’ దాని వెనక వరసగా గోటీలు, చిర్రగోనె, బొంగరం, బావిలో ఈత, ఎవరి తోటలోనో తెంపుకున్న మామిడికాయ వస్తాయి. తర్వాత ఒక నిట్టూర్పు. ఆఖర్న ఇప్పటి పిల్లలు, వాళ్ళ చేతుల్లో ఫోన్లు, వాళ్ళ మీద మన జాలి. పత్రికల ఆదివారం అనుబంధాల నుంచి వాట్సాప్ ఫార్వర్డుల దాకా ఇదే సరుకు. జిల్లా మారితే పండు పేరు మారుతుంది. కోనసీమ వాడైతే ఈతకి కాలువ, మా దిక్కువాడైతే మోటబావి, అంతే.

ఈ సరుకు మీద నాకు కోపం. ముందే ఒప్పుకుంటాను, నేనూ ఒకటి రాశాను. గోదావరిఖని పక్కన ఎయిటింక్లైన్ కాలనీలో గడిచిన నా చిన్నతనం గురించి. తునికిపండ్లు, సర్కారు తుమ్మల మధ్య మేం గీసుకున్న పిచ్చు, టైరు దొర్లించుకుంటూ పోయిన దారి, అన్నీ పెట్టాను. జనం బాగానే మెచ్చుకున్నారు. రెండు రోజుల తర్వాత అక్క ఫోన్ చేసింది.

“మంచిగ రాసినవ్ రా. లైన్ల పోరగాళ్ళ పేర్లన్ని ఉన్నయి. మనింటెన్క తిరిగే కుక్క పేరు గూడ ఉన్నది. నేనేడున్న?”

“నువ్వు ఇంట్లనే ఉంటివి గదక్కా.”

“అదే అంటున్న,” అని, మా మేనల్లుడి కాలేజీ ఫీజు సంగతికి పోయింది.

ఆ ‘అదే అంటున్న’ దగ్గర్నుంచి నేను ఆ వ్యాసాన్ని మళ్ళీ చదవలేకపోయాను. కోడ్ రాసేవాళ్ళకి తెలిసిన విషయం ఒకటుంది. ప్రోగ్రాం తప్పుగా నడిస్తే ఎక్కడో ఎర్రర్ కనపడుతుంది, దొరుకుతుంది. సగం డేటా తీసుకుని సరిగ్గా నడిచే ప్రోగ్రాం ఉంటుందే, అది ఏళ్ళ తరబడి దొరకదు. మన బాల్య వ్యాసాలు ఆ రెండో రకం.

అసలు మేమెందుకు బయట ఉండేవాళ్ళం? మా అమ్మానాన్నలు స్వేచ్ఛ విలువ తెలిసినవాళ్ళు కావడం వల్లనా? బాపు సింగరేణిలో కోల్ ఫిల్లర్. వారానికోసారి పాలి మారేది. రాత్రి పాలి వారమంతా ఆయన పొద్దున ఇంటికొచ్చి, ఇంత తిని, కిటికీకి దుప్పటి కట్టుకుని పండుకునేవాడు. క్వార్టర్ అంటే రెండు అర్రలు, ఒక వంటిల్లు. అందులో ముగ్గురు పిల్లలు సప్పుడు చేయకుండా పగలంతా ఉండటం ఎట్లా? “బయటికి పోయి సావుండ్రి, మీ బాపు లేస్తే మీ ఈపులు పగుల్తయి” అని అమ్మ తరిమేది. లైనులో ఇరవై ఇండ్లుంటే ఏ రోజైనా ఆరేడు ఇండ్లల్లో ఎవరో ఒకరు పగలు నిద్రపోతూనే ఉంటారు. అందుకని గల్లీలో కూడా అరవనిచ్చేవాళ్ళు కాదు. ఇంకా దూరం, క్వార్టర్లు దాటి, తుమ్మల్లోకి పోవాలి. నేను స్వేచ్ఛ అని రాసుకున్నదాని అసలు పేరు మూడో షిఫ్టు. భూమి కింద ఎనిమిది గంటలు టబ్బులు నింపిన మనిషి నిద్ర కోసం మమ్మల్ని ఇంట్లోంచి వెళ్ళగొట్టారు.

మమ్మల్ని అంటే నన్నూ తమ్ముణ్ణీ. అక్కని కాదు. అక్క లోపలే ఉండాలి, అదీ సప్పుడు లేకుండా. నల్లా వచ్చే టైముకి బిందెలు పట్టాలి, బియ్యం ఏరాలి, బాపు లేచేసరికి నీళ్ళు కాగాలి. నాకన్నా నాలుగేళ్ళు పెద్దది. నేను ఆరో తరగతిలో ఊరంతా తిరుగుతున్నప్పుడు ఆమె పదో తరగతి చదువుతూ ఒక ఇంటిని సగం నడుపుతోంది. ఇదేదో మా ఇంటి ఘోరం అనుకునేరు. లైనులో ప్రతి ఇల్లూ అంతే. ఏడెనిమిదేండ్ల దాకా ఆడపిల్లలు కూడా మాతో తొక్కుడుబిళ్ళ ఆడేవాళ్ళు, ఉరికేవాళ్ళు. తర్వాత ఒక్కొక్కరే మాయమయ్యేవాళ్ళు. ఎవరూ ప్రకటించరు. ఒకరోజు గుంపులో ఒక మనిషి తక్కువుంటుంది, ఆట ఆగదు. మళ్ళీ బతుకమ్మకి గునుగు, తంగేడు కోసుకురావడానికి తొమ్మిది రోజులు వాళ్ళకి తుమ్మల్లోకి, చెల్కల్లోకి పర్మిషన్ దొరికేది. అదీ మమ్మల్ని తోడిచ్చి. నాకు తొమ్మిదేళ్ళు, ఆమెకి పదమూడు, ఆమెకి కాపలా నేను!

మన భాషే సాక్ష్యం చెబుతుంది. ‘తిరుగుబోతు’ అనే మాట మగపిల్లవాణ్ణి అంటే ముద్దుగా తిట్టినట్టు. అదే మాట ఆడపిల్లని అంటే ఆ ఇంట్లో ఆ రోజు పొయ్యి వెలగదు. ‘ఇల్లేరమ్మ’ అన్న మాట కూడా ఉంది, ఇల్లిల్లూ తిరిగే పిల్ల అని. దానికి మగపిల్లల పేరు ఏంటి? లేదు. వాళ్ళు తిరగడం తిరగడంలా కనపడదు కాబట్టి పేరు అవసరపడలేదు. సోమరాజు సుశీల గారు ఆ తిట్టునే పుస్తకానికి పేరుగా పెట్టుకుని ‘ఇల్లేరమ్మ కతలు’ రాశారంటే, నవ్వుతూనే ఎంత పెద్ద పని చేశారో నాకు ముప్పై దాటాక గానీ ఎక్కలేదు.

రెండో అబద్ధం, ‘మమ్మల్ని చూసేవాళ్ళే ఉండేవాళ్ళు కాదు.’ ఉండేవాళ్ళు, బాగానే ఉండేవాళ్ళు. నల్లా దగ్గర బిందె పెట్టి నిలబడ్డ ఆడవాళ్ళు, గడప మీద కూర్చుని చింతపండు గింజలు తీసేవాళ్ళు, పక్క లైను ముసలవ్వలు. నేను పొద్దున గోటీల కాడ ఎవణ్ణో కొడితే మధ్యాహ్నం నేనింటికి చేరేలోపే అమ్మకి తెలిసిపోయేది. మోకాలు పగిలితే పసుపు పెట్టిన చేయి ఏ ఇంటిదో నాకు ఇప్పుడు గుర్తు లేదు, అంటే అన్ని ఇండ్లూ పెట్టేవన్నమాట. ఇంతమంది ఆడవాళ్ళు జీతం లేకుండా కాపలా కాస్తే, పెద్దయ్యాక మేమేమో ‘ఏ కాపలా లేకుండా పెరిగాం’ అని రాసుకుంటున్నాం. ఇవాళ హైదరాబాదులో ఒక తల్లి పొద్దున ఎనిమిదికి క్యాబ్ ఎక్కి రాత్రి ఎనిమిదికి దిగుతుంటే, ఆమెకి ఈ వ్యాసం ఫార్వర్డ్ చేసి ‘పిల్లల్ని స్వేచ్ఛగా వదలండి’ అని సలహా. ఎవరికి వదలాలి? నల్లా దగ్గర ఎవరున్నారు?

ఇంకా వెనక్కి పోతే ఈ స్వేచ్ఛకి ఒక జమాఖర్చుల పుస్తకం కూడా ఉంది. నెల తిరిగేసరికి పడే జీతం, కంపెనీ క్వార్టర్, కరెంటు, దవాఖాన, బడి, వాటి మధ్య ఎవరూ ప్లాట్లు చేయని ఖాళీ జాగా. మా ఆటస్థలం దేవుడిచ్చింది కాదు, ప్రభుత్వరంగ సంస్థ టౌన్‌షిప్ అనే ఏర్పాటు ఇచ్చింది. ఆరేడు మైళ్ళ లోపల సింగరేణి, ఎన్టీపీసీ, ఎఫ్‌సీఐ మూడు టౌన్‌షిప్‌లు, మూడింటిలోనూ ఒకే వయసు తండ్రులు, ఒకే వయసు పిల్లలు. కొత్త కాలనీల్లో అట్లాగే జరుగుతుంది, అందరూ ఒకేసారి ఉద్యోగాల్లో చేరతారు, ఒకేసారి పెళ్ళిళ్ళు చేసుకుంటారు. ఏ సాయంత్రం బయటికొచ్చినా ఇరవైమంది దొరికేవాళ్ళు. ఆట ఆడటానికి మైదానం కన్నా ముందు కావలసింది ఇంకో పిల్లవాడు.

ఆ పిల్లలు ఎట్లా పోయారో చెప్తాను. 1999లో రామగుండం ఎఫ్‌సీఐ మూతపడింది. మా ఆటల్లో అవతలి టీం అక్కణ్ణుంచే వచ్చేది. ఒక ఎండకాలం సెలవులయ్యాక టీమే లేదు. సింగరేణిలో 1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న కార్మికులు ఇవాళ నలభై వేల చుట్టుపక్కలకి వచ్చారు. భూగర్భ గనికి మనుషులు ఎక్కువ కావాలి, ఓపెన్‌కాస్టుకి మనుషులు తక్కువ, భూమి ఎక్కువ కావాలి. ఈ ఒక్క వాక్యంలో గోదావరిఖని, బెల్లంపల్లి, మందమర్రి పిల్లల ఆటల చరిత్ర అంతా ఉంది. మనుషులు తగ్గారు, లైన్లు ఖాళీ అయ్యాయి, మిగిలిన పిల్లల్ని పది కాగానే కరీంనగర్, హైదరాబాద్ ఇంటర్ కాలేజీల హాస్టళ్ళకి పంపారు. ఊరి చుట్టూ తవ్విపోసిన మట్టి గుట్టలు పెరిగాయి. మేం పిచ్చు గీసుకున్న తుమ్మల జాగా తర్వాతెప్పుడో ఎవరెవరి చేతులో మారి ప్రహరీగోడ అయింది. నేను 2004లో ఇంజనీరింగ్‌కని ఊరు విడిచేనాటికే సాయంత్రం ఆరింటికి అక్కడ చిన్నపిల్లలు లేరు. మా ఇంట్లోకి మొదటి స్మార్ట్‌ఫోన్ 2012లో వచ్చింది. ఎనిమిదేళ్ళ తేడా. ఖాళీ అయిన ఇంట్లోకి తర్వాతొచ్చిన వాణ్ణి పట్టుకుని ‘నువ్వే ఖాళీ చేయించావ్’ అంటే ఎట్లా? ఫోన్ అమాయకురాలని నేననను. ఆ పరిశ్రమలోనే అన్నం తింటున్నాను, పిల్లల కళ్ళని స్క్రీనుకి ఎట్లా అతికిస్తారో నాకు తెలుసు. కానీ నేరం జరిగిన తారీఖుకి ఈ నిందితుడు ఊళ్ళోనే లేడు.

ఇప్పుడు ఎవరూ రాయని భాగం. మా ప్రాంతం వాళ్ళకి ఇది లేకుండా బాల్యం రాయడం సాధ్యం కాదు, అయినా అందరం రాస్తున్నాం.

మేం దొంగా-పోలీస్ ఆడలేదు. అన్నలు-పోలీసులు ఆడాం. 1992లో పీపుల్స్‌వార్ మీద నిషేధం పడింది, నేను బడికి పోయే రోజులన్నీ ఆ యుద్ధం నడిచిన రోజులే. ‘ఎన్‌కౌంటర్’ అనే ఇంగ్లీషు మాట నాకు ‘ఎలిఫెంట్’ కన్నా ముందు వచ్చి ఉంటుంది. ఆటలో ఎవడూ పోలీసు కావడానికి ఒప్పుకునేవాడు కాదు, పంటలు వేసి ఓడినవాళ్ళు అయ్యేవాళ్ళు. తుమ్మ కట్టె తుపాకీ. చచ్చినవాడు వెల్లకిలా పడి ఉండాలి, మేం చుట్టూ నిలబడి ఫొటో దిగినట్టు చేసేవాళ్ళం, పేపర్లో చూసింది చూసినట్టు. ఒకరోజు అట్లా పడుకున్నవాణ్ణి చూసి, పక్క లైను పెద్దమనిషి ఒకాయన సైకిల్ ఆపి, దిగి, మా అందరినీ దొరికినవాణ్ణి దొరికినట్టు కొట్టాడు. మాటా పలుకూ లేదు, కొట్టడమే. ఎందుకు కొట్టాడో ఇంటికొచ్చి అడిగితే అమ్మ నా నోరు మూసింది. ఆ వారమంతా మమ్మల్ని బయటికి పోనీయలేదు. ఆయన తమ్ముడు ఇంట్లోంచి పోయి ఎన్నో ఏళ్ళయిందని నాకు డిగ్రీ అయ్యాక తెలిసింది.

బంద్ రోజు మాకు పండగ. బస్సులుండవు, లారీలుండవు, మెయిన్ రోడ్డు మీద నడిమధ్యన వికెట్లు పెట్టి క్రికెట్ ఆడేవాళ్ళం. అంత మంచి పిచ్చు మళ్ళీ ఎక్కడా దొరకలేదు. ఆ రోడ్డు ఎందుకు ఖాళీగా ఉందో, దాని కోసం ఎవరు చచ్చారో, లోపల తలుపులేసుకున్న పెద్దవాళ్ళు ఏం మాట్లాడుకుంటున్నారో మాకు పట్టలేదు. పట్టకపోవడం పిల్లల హక్కు, దాంట్లో తప్పేం లేదు. నలభై ఏండ్లకి దగ్గరపడ్డాక కూడా పట్టకుండా, ‘ఆహా ఆ ఖాళీ రోడ్లు’ అని రాయడం మాత్రం తప్పు. సాయంత్రం చీకటి పడేసరికి అమ్మ ఎందుకంత గట్టిగా కేకేసేది? పాములకా? రోడ్డు మీద జీపు చప్పుడుకి.

బావి గురించి కూడా ఒకటి చెప్పి వదిలేస్తాను. పక్క ఊరి చెల్కల్లో మోటబావి. ఈత అందరం అక్కడే నేర్చుకున్నాం, ఎండిన సొరకాయ బుర్ర నడుముకి కట్టుకుని. ఆ బావిలో మాతో చదివిన ఒక పిల్లవాడు పోయాడు. మేం ఐదుగురం ఒడ్డు మీద ఉన్నాం, పెద్దవాళ్ళెవరూ లేరు. నా పాత వ్యాసంలో బావి మీద రెండు పేరాలున్నాయి. నీళ్ళ రంగు ఉంది, పావురాలున్నాయి, ఆ పిల్లవాడు లేడు. మర్చిపోయి కాదు. రాస్తే వ్యాసం చెడిపోతుందని. ఈ రకం వ్యాసాల్ని నేనెందుకు నమ్మనో ఇంతకన్నా చెప్పలేను. బతికి బట్టకట్టినవాళ్ళే కూర్చుని రాస్తారు, ‘మాకేం కాలేదు’ అని. కాని వాళ్ళలో ఆ మాట రాయడానికి ఎవరు మిగిలారు?

ఇక్కడ ఒక మిత్రుడు అడ్డం పడ్డాడు. ‘అయితే పిల్లల్ని లోపలే కట్టేయాలంటావా?’ అని. అస్సలు కాదు. ఆ తుమ్మల్లో నేను నేర్చుకున్నది ఏ బడిలోనూ నేర్చుకోలేదు. కొట్లాడుకుని, పెద్దవాళ్ళు రాకముందే రాజీపడటం, తొండి ఆడినవాణ్ణి ఏం చేయాలో పదిమంది కలిసి తేల్చడం, ఒంటరిగా దారి తప్పి మళ్ళీ దారి పట్టుకోవడం. నా కూతురికి అవి కావాలి. అందుకే ఈ గొడవంతా. ఊరికే పోయిందని ఏడిస్తే అవి తిరిగి రావు.

యూరప్‌లో రెండో ప్రపంచ యుద్ధమప్పుడు పిల్లలు కూలిన ఇళ్ళ శిథిలాల్లో ఆడుకునేవాళ్ళు. వాళ్ళ పెద్దలూ మనలాగే ‘ఆహా ఆ శిథిలాలు’ అని రాసుకున్నారు, రాసుకుంటూనే ఉన్నారు. కానీ 1943లో, జర్మన్ల ఆక్రమణలో ఉన్న కోపెన్‌హాగెన్ శివారు ఎమ్‌డ్రప్‌లో, సోరెన్సెన్ అనే ఒక తోటల డిజైనర్ ఆలోచనతో పాత కలప, ఇటుకలు, పారేసిన సామాను పడేసి పిల్లలకి ఒక ఆటస్థలం కట్టారు. పిల్లలే కట్టుకుంటారు, పిల్లలే కూల్చుకుంటారు, ఒక పెద్దమనిషి కాస్త దూరంలో ఉంటాడు. యుద్ధమయ్యాక లేడీ అలెన్ అనే ఆవిడ అది చూసొచ్చి, లండన్‌లో బాంబులు పడ్డ జాగాలనే అట్లా పిల్లలకిప్పించడానికి పోరాడింది. నెదర్లాండ్స్ ఇంకో కథ. 1971లో ఆ చిన్న దేశంలో 400 మందికి పైగా పిల్లలు రోడ్డు ప్రమాదాల్లో చనిపోయారు. తల్లిదండ్రులు ‘మా కాలంలో రోడ్లు ఖాళీగా ఉండేవి’ అని వ్యాసాలు రాసి ఊరుకోలేదు. ‘పిల్లల హత్యలు ఆపండి’ అని పేరు పెట్టుకుని రోడ్ల మీద కూర్చున్నారు, వీధులు మూసేశారు. ఇవాళ అక్కడ పిల్లలు సైకిళ్ళ మీద ఒంటరిగా బడికి పోతున్నారంటే ఆ కొట్లాట దానికి ఒక కారణం.

మన దగ్గర? 2022లో ఊరూరా ‘తెలంగాణ క్రీడా ప్రాంగణం’ బోర్డులు లేచాయి. ఊరికి పోయినప్పుడల్లా బోర్డులు చూస్తుంటాను. నిలబడి ఉన్నాయి. వాటి వెనక ఆడుతున్న పిల్లల్ని, ముఖ్యంగా ఆడపిల్లల్ని, చూసిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. లేఅవుట్లలో పార్కుకని వదలాల్సిన జాగా ఏమైందని అడిగే బాల్య వ్యాసం ఒక్కటి నాకు చూపించండి. ఫుట్‌పాత్ అడిగే వ్యాసం చూపించండి. ‘ఫోన్లు మింగేశాయి’ అనడం సుఖం, ఎవరితోనూ కొట్లాట ఉండదు. బిల్డర్ బాధపడడు, మున్సిపాలిటీ బాధపడదు. బాధపడేది ఆ తల్లి ఒక్కతే.

సాహిత్యం సంగతికొస్తే, పెద్ద రచయితలు ఈ తప్పు చేయలేదు. నామిని ‘పచ్చనాకు సాక్షిగా’లో బాల్యం ఉన్నంత ఇదిగా అమ్మ చాకిరీ ఉంటుంది, రెండింటినీ విడదీయలేం. ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ కడుపు చెక్కలయ్యేలా నవ్విస్తూనే ఇంటి ఖర్చుల లెక్క దాచవు. గోదావరిఖనిలో ఉండి రాసిన తుమ్మేటి రఘోత్తమరెడ్డి కథ ఒకటుంది, పేరు ‘పనిపిల్ల’. పని, పిల్ల, రెండు మాటల్ని అట్లా అతికించి పెట్టడానికి ఆయనకి జ్ఞాపకాల మత్తు అక్కర్లేకపోయింది. ఆఖరికి ‘బుడుగు’లో కూడా, నాకెంతో ఇష్టమైన పుస్తకమే, సీగానపెసూనాంబ తన కథ తాను చెప్పుకుంటే ఎట్లా ఉండేదోనని ఇప్పుడనిపిస్తుంది. ఈ పుస్తకాలు చదివి పెరిగిన మనం వాటిలోంచి మామిడికాయల్ని మాత్రం ఏరుకున్నాం. నామిని నుంచి యాస తీసుకున్నాం, అమ్మని వదిలేశాం. ఇంకో పదేళ్ళు ఇట్లాగే రాస్తే బొగ్గుబాయిల పిల్లల గురించి, బీడీలు చుట్టిన ఆడపిల్లల గురించి తర్వాతివాళ్ళకి తెలిసేది ఏంటంటే, వాళ్ళందరూ తునికిపండ్లు తిని ఆనందంగా ఉండేవాళ్ళని.

మొన్న దసరాకి ఊరికి పోయాం. నా కూతురికి ఎనిమిదేళ్ళు. హైదరాబాదులో మేముండే చోట పదకొండో అంతస్తు నుంచి కిందికి దిగాలంటే తోడు కావాలి, గేటు దాటాలంటే సెక్యూరిటీ మాకు ఫోన్ చేస్తాడు. అక్కడ మాత్రం గడప దాటి ఉరకాలని చూసింది, ఎవరూ లేరని తిరిగొచ్చింది. వచ్చి మా అక్కని అడిగింది, “అత్తా, నువ్వు చిన్నప్పుడు ఏం ఆడేదానివి?”

“ఓనగుంటలు, కచ్చకాయలు.”

“నేర్పిస్తావా?”

అక్క లోపలికి పోయి డబ్బాలోంచి గుప్పెడు చింతగింజలు తెచ్చింది. చెక్క పీట కూడా అటక మీద అట్లాగే ఉంది. కింద పెట్టబోయి, మళ్ళీ లేచి, మంచం మీది బొంత తీసి నాలుగు మడతలేసి పరిచి, దాని మీద పెట్టింది. గుంటల్లో ఒక్కో గింజ వంగి మెల్లగా జారవిడుస్తోంది. బొంత ఎందుకత్తా అని పిల్ల అడిగితే, సప్పుడైతది గదా అంది. బాపు పోయి ఆరేళ్ళయింది. ఆ ఇంట్లో పగలు పండుకునేవాళ్ళెవరూ లేరు.